ఉత్కంఠ కథలలో పొరుగింటి ఉగ్రవాదము

అపరాధ పరిశోధక కథలకును గూఢచారి కథలకును నడుమ పుట్టి, ఆ రెంటినుండియు కొన్ని లక్షణములను గ్రహించి, పాఠకునికి తన సొంత వీధియందే భయము పుట్టించు కథాశాఖ యొకటి ఆంగ్ల సాహిత్యమున పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదమున అంకురించి, ఇరువదవ శతాబ్దమున చలనచిత్రములందును, ఆ పిమ్మట టెలివిజన్ ధారావాహికలందును విస్తరించినది. ఇందలి విద్రోహి దుర్గమారణ్యములందు గాని, పరదేశపు రహస్య స్థావరములందు గాని వసింపడు. నగరపు శివారున, ముంగిట పచ్చిక పెంచిన యింటిలో భార్యాబిడ్డలతో కాపురముండి, ఉదయమున పనికి పోయి సాయంకాలమున తిరిగివచ్చుచు, పొరుగువారి బిడ్డకు జబ్బుచేసినచో అందరికంటె ముందు పలుకరింప వచ్చు మర్యాదస్థుడై యుండును. ఆ మర్యాదయే ఆతని మారువేషము. కావున ఈ కథలలో బాంబు ప్రేలునా ప్రేలదా అను ప్రశ్నకంటె, ఎదురింటివానిని నమ్మవచ్చునా, నమ్మకపోయినచో మన బ్రతుకేమగును అను ప్రశ్న ప్రధానమైనది. ఉత్తమ రచనలకును సామాన్య రచనలకును గల తారతమ్యము ఆ ప్రశ్నను రచయిత ఎంత శ్రద్ధతో విచారించెనను దానిపై ఆధారపడియున్నది.

ఈ శాఖ పుట్టుకకు సాహిత్య కారణములకంటె రసాయనశాస్త్ర కారణము బలవత్తరమైనది. 1605లో బ్రిటిషు పార్లమెంటును పేల్చివేయదలచినవారు 36 పీపాల తుపాకిమందును నేలమాళిగలోనికి చేర్పవలసివచ్చెను. 1867లో ఆల్ఫ్రెడ్ నోబెల్ డైనమైటునకు పేటెంటు పొందిన పిమ్మట వినాశనశక్తి చేతిసంచిలో ఇముడ నారంభించెను. సంచి పట్టుకొని వీధిని నడచు ప్రతి మనుష్యుడును శంకింపదగినవాడయ్యెను. ఐర్లండు స్వాతంత్ర్యమును కోరిన ఫీనియన్లు 1881 మొదలు 1885 వరకు బ్రిటిషు నగరములందు రైలుస్టేషనులలోను ప్రభుత్వ భవనములలోను ప్రేలుళ్లు జరిపిరి. 1885 జనవరి 24వ తేదీన లండన్ టవరునందును పార్లమెంటు భవనములందును ఒకే దినమున బాంబులు ప్రేలెను. ఆ యేటనే రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ తన భార్య ఫానీతో కలిసి 'ది డైనమైటర్' అను కథాసంపుటిని ప్రకటించి, కోల్, కాక్స్ అను ఇద్దరు పోలీసు ఉద్యోగులకు దానిని అంకితమిచ్చెను. అందొక కథలో పెద్ద యింటిలో గదులు అద్దెకిచ్చిన యువకుడు, రోగినని చెప్పి దిగిన మనుష్యుడు బాంబులు తయారుచేయు 'జీరో' అని తెలిసికొనును. తలుపు వేసికొనిన అద్దెగదిలో నేమి జరుగుచున్నదో తెలియని యింటి యజమాని ఆందోళనయే ఈ శాఖకు తొలి బీజము.

దానికి గాంభీర్యము తెచ్చినవాడు జోసెఫ్ కాన్రాడ్. 1894 ఫిబ్రవరి 15వ తేదీన గ్రీనిచ్ పార్కులో, ఖగోళ వేధశాలకు సమీపమున, మార్షల్ బూర్దా అను ఫ్రెంచి యువకుని చేతిలోని బాంబు ప్రేలి ఆతడే మరణించెను. ఈ యుదంతమును ఆధారము చేసికొని కాన్రాడ్ 1907లో 'ది సీక్రెట్ ఏజెంట్' నవలను వెలువరించెను. వెర్లాక్ అనువాడు లండనులోని సోహో ప్రాంతమున చిన్న దుకాణము నడపుచు, ఒక విదేశ రాయబార కార్యాలయమునకు రహస్యముగా వార్తలందించుచు, అరాజకవాదులతో స్నేహము నటించుచుండును. ఆతని యింట భార్య విన్నీ, అత్తగారు, మందబుద్ధియైన బావమరిది స్టీవీ ఉందురు. విన్నీ ఈతనిని పెండ్లాడినది ప్రేమచే గాదు. తమ్మునికి నీడ దొరకునని. ఆ తమ్ముని చేతికే వెర్లాక్ బాంబు నిచ్చును. రాజకీయ కథగా మొదలైన దానిని ముగింపునకు వచ్చుసరికి కాన్రాడ్ ఒక సంసారపు విషాదముగా మార్చివేసెను. అరాజకవాదుల వాగ్వాదములను పాఠకుడు మరచిపోయినను, దుకాణపు తలుపు గంటను, వెనుకగదిలో భార్యాభర్తల నడుమ గడ్డకట్టిన మౌనమును మరువజాలడు. మరుసటి యేట జి. కె. చెస్టర్టన్ 'ది మ్యాన్ హూ వాజ్ థర్స్‌డే' నవలను శాఫ్రన్ పార్కు అను కల్పిత శివారున సూర్యాస్తమయ వేళ ప్రారంభించి, అరాజకవాద పరిషత్తులోని సభ్యులు ఒకరి వెనుక నొకరుగా మారువేషమున నున్న పోలీసులేయని తేల్చెను. శివారు ప్రాంతమునకు ఈ సాహిత్యమున పీట పడినది ఇక్కడనే.

కాన్రాడ్ నవలను ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1936లో 'సాబొటాజ్' అను చలనచిత్రముగా తీసెను. దుకాణము స్థానమున చిన్న సినిమాహాలు వచ్చెను. స్టీవీ చలాకీయైన బడిపిల్లవాడయ్యెను. వెర్లాక్ ఆ బాలునికి ఫిల్ము డబ్బాలతోపాటు ఒక పొట్లమునిచ్చి, నిర్ణీత సమయమునకు లోపల పికడిల్లీ సర్కస్ చేర్చి రమ్మనును. దారిలో దంతధావన సామగ్రి అమ్ము వర్తకుడొకడు బాలుని పట్టి కూర్చుండబెట్టి గుంపు నెదుట వాని పండ్లు తోమి చూపును. లార్డ్ మేయరు ఊరేగింపు త్రోవ కడ్డము వచ్చును. ఫిల్ము త్వరగా అంటుకొను వస్తువగుటచే బస్సులో నెక్కింపరాదని చెప్పిన కండక్టరు తుదకు జాలిపడి ఎక్కనిచ్చును. బాలుడు ప్రక్కనున్నామె కుక్కపిల్లతో ఆడుకొనుచుండగా గడియారపు ముల్లు జరుగును, బస్సు ప్రేలిపోవును. ప్రేక్షకుడు ప్రేమించిన బాలుని చంపుట తప్పిదమని హిచ్‌కాక్ పిమ్మట ఫ్రాన్స్వా త్రుఫోతో జరిపిన సంభాషణలలో అంగీకరించెను. ఆతడు తప్పిదమని తలచినదే ఈ చిత్రమునకు గౌరవము తెచ్చినదని నా యభిప్రాయము. విధ్వంసము తుదకు ఎవరి దేహముపై పడునో చూపుటకు వెనుదీయని దృశ్యమది.

ఇంతవరకు కథాస్థలము అధికముగా నగరమధ్యమే. శివారు గృహము వీనికి సహజ రంగస్థలమగుటకు రెండవ ప్రపంచ యుద్ధానంతరము అమెరికాలో సాగిన గృహనిర్మాణము కారణము. న్యూయార్కు సమీపమున లాంగ్ ఐలండుపై 1947 మొదలు 1951 వరకు లెవిట్ సంస్థ 17,000కు పైబడిన ఇండ్లను ఇంచుమించు ఒకే అచ్చున కట్టి లెవిట్‌టౌన్ పట్టణమును వెలయించెను. తాతముత్తాతలనుండియు ఒకరి నొకరెరిగిన పల్లెలందువలె గాక, ఇట్టిచోట ప్రతి కుటుంబమును నిన్న మొన్న వచ్చినదే; పొరుగువాని పూర్వచరిత్ర వాడు చెప్పినంత మేరకే తెలియును. యుద్ధకాలముననే హిచ్‌కాక్ 'షాడో ఆఫ్ ఎ డౌట్' (1943) చిత్రమున కాలిఫోర్నియాలోని శాంటా రోజా పట్టణమునకు చుట్టపుచూపుగా వచ్చిన మేనమామ హంతకుడని మేనకోడలు కనుగొనునట్లు చిత్రించి యుండెను. ఆర్సన్ వెల్స్ 'ది స్ట్రేంజర్' (1946)లో కనెక్టికట్ రాష్ట్రపు చిన్న పట్టణమున ఉపాధ్యాయుడై, న్యాయమూర్తి కుమార్తెను పెండ్లాడిన నాజీని చూపెను. ప్రచ్ఛన్న యుద్ధము ముదిరిన పిమ్మట ఈ కథలు కొంత యాంత్రికములయ్యెను. డాన్ సీగెల్ తీసిన 'టెలిఫోన్' (1977)లో సోవియట్ గూఢచారులు తమ నిజస్వరూపమును తామే మరచి అమెరికను గృహస్థులై జీవించుచు, టెలిఫోనులో రాబర్ట్ ఫ్రాస్ట్ పద్యపంక్తులు వినబడినంతనే లేచి విధ్వంసమునకు బయలుదేరుదురు. తన యింటిని తానే వంచించుచున్నానను స్పృహ లేనిచోట విద్రోహమున్నను విషాదము లేదు.

ఆ స్పృహను మరల తెచ్చినది డోరిస్ లెస్సింగ్. 1983 డిసెంబరులో లండనులోని హారడ్స్ దుకాణము చెంత జరిగిన కారుబాంబు ప్రేలుడు ప్రేరణగా ఆమె 1985లో 'ది గుడ్ టెర్రరిస్ట్' నవలను వ్రాసెను. ఆలిస్ మెల్లింగ్స్ అను మధ్యతరగతి స్త్రీ తన విప్లవ సహచరులతో కలిసి పాడుపడిన యింటిలో దిగును. నగరపాలకులు మరుగుదొడ్లను సిమెంటుతో పూడ్చివేసియుందురు. మేడగదులలో మలము నిండిన బక్కెట్లు వరుసలు తీరియుండును. ఆలిస్ తోటలో గుంట త్రవ్వించి వానిని పూడ్పించును. కార్యాలయములచుట్టు తిరిగి నీటిని, విద్యుత్తును పునరుద్ధరించును. అందరికిని పులుసు కాచి పోయును. విప్లవోపన్యాసములు దంచువారు ఆమె వండినది తిని, ఆమె కడిగిన గదులలో నిద్రింతురు. ఆ శుభ్రమైన యింటినుండియే తుదకు కారుబాంబు బయలుదేరి, దారిని పోవువారిని బలిగొనును. గృహిణీధర్మమును విధ్వంసమును ఒకే చేతులతో జరుగుచున్నట్లు చూపుటలో ఈ నవలకు సాటివచ్చునది అరుదు. ఫిలిప్ రాత్ 'అమెరికన్ పాస్టొరల్' (1997) ఇదే గాయమును తండ్రి వైపునుండి చూచినది: చేతితొడుగుల వ్యాపారి ముద్దుబిడ్డ వియత్నాం యుద్ధకాలమున ఊరి తపాలా కార్యాలయమున బాంబు పెట్టగా, ఎక్కడ లోపము జరిగెనో తెలియక ఆతడు జీవితాంతము వెదకుచుండును.

1995 ఏప్రిల్ 19వ తేదీన ఓక్లహామా నగరమున ఫెడరల్ ప్రభుత్వ భవనము ముంగిట అద్దె ట్రక్కులోని బాంబు ప్రేలి 168 మంది మరణించిరి. వారిలో 19 మంది పసివారు. తొలి గంటలలో టెలివిజన్ వ్యాఖ్యాతలు పలువురు మధ్యప్రాచ్యము వైపు వ్రేలు చూపిరి. నేరస్థుడు తిమొతీ మెక్‌వే మాత్రము అమెరికా సైన్యమున పతకము పొందిన సైనికుడు. నంబరు పలక లేని కారు నడపుచున్నాడని గంటన్నరలోనే రహదారి పోలీసుకు చిక్కినవాడు. ఈ నేపథ్యమున ఎరెన్ క్రూగర్ వ్రాసి, 1996లో నికోల్ ఫెలోషిప్ పొందిన చిత్రకథ మార్క్ పెలింగ్టన్ దర్శకత్వమున 1999లో 'ఆర్లింగ్టన్ రోడ్' చిత్రమై వెలువడెను.

ఈ శాఖకు పరాకాష్ఠ ఏదియని అడిగినచో దీనినే చూపవలయును. వాషింగ్టను శివారున నివసించు మైకేల్ ఫారడే (జెఫ్ బ్రిడ్జెస్) ఉగ్రవాదమును గూర్చియే బోధించు చరిత్రాచార్యుడు; ఎఫ్.బి.ఐ. ఉద్యోగినియైన ఆతని భార్య తప్పుదారి పట్టిన యొక దాడిలో మరణించియుండెను. చిత్రారంభమున నిర్జనమైన వీధి నడుమ ఒక బాలుడు తూలుచు నడచును. చేతినుండి నెత్తురు బొట్లుబొట్లుగా రాలును. ఫారడే వానిని ఆసుపత్రికి గొనిపోయిన పిమ్మటనే ఎదురింటి ఆలివర్ లాంగ్ (టిమ్ రాబిన్స్) కొడుకని తెలియును. ఎదురెదురుగా నుండియు ఒకరి పేరొకరెరుగరు. స్నేహము కుదురును, పిల్లలు కలిసి ఆడుకొందురు. తరువాత పొరపాటున తన యింటికి వచ్చిన ఉత్తరము, చెప్పినదానికి సరిపడని భవనపు నమూనా, లాంగ్ మార్చుకొన్న పేరు, ఒక్కొక్కటిగా ఫారడే మనస్సును తొలుచును. ఆతని మాట ఎవ్వరును నమ్మరు. భార్యావియోగముచే మతి చలించెనేమోయని ప్రేక్షకుడును సందేహించును. ఆతని స్నేహితురాలు నిజము కనుగొని వీధిలోని టెలిఫోనునుండి మాటాడి వెనుదిరుగగా, లాంగ్ భార్య (జోన్ క్యూసాక్) చెదరని చిరునవ్వుతో నిలిచియుండును. చిత్రమంతటిలోను ఇంతకంటె గగుర్పొడిపించు క్షణము లేదు. ఫారడే అనుమానము నిజమే యగును, కాని లాంగ్ ఆ యనుమానమునే పనిముట్టుగా వాడుకొనును. బాంబున్న వాహనమును తరుముచున్నాననుకొని ఫారడే ఎఫ్.బి.ఐ. ప్రధాన కార్యాలయములోనికి దూసికొనిపోవును. బాంబు తన కారులోనే యున్నదని తెలియునప్పటికి సమయము మించును. లోకము దృష్టిలో ఆతడొక్కడే ఉగ్రవాది. ఎదురింటివారు ఇల్లు అమ్మివేసి తరలిపోవుదురు.

2001 సెప్టెంబరు 11వ తేదీ దాడులు చేసినవారిలో కొందరు అంతకుముందు అమెరికను పట్టణములలో అద్దెకుండి, వ్యాయామశాలలకు పోవుచు, విమానము నడపుట నేర్చుకొనిరని తెలిసినపిమ్మట ఈ కథలు వెల్లువగా వచ్చెను. వానితోపాటు ఒక మతమువారినే అనుమానించు దోషమును ప్రబలెను. '24' ధారావాహిక నాలుగవ భాగము (2005) లాస్ ఏంజెలెస్‌లోని ఒక ముస్లిము కుటుంబము కుట్రదారులైనట్లు చూపగా, అమెరికను ముస్లిము సంఘములు ఆక్షేపించెను. కథానాయకుడైన కీఫర్ సదర్లండ్ చేతనే ముస్లిములందరిని అట్లు తలపరాదను ప్రకటన చేయించి ప్రసారము చేసిరి. 'హోమ్‌లాండ్' (2011–2020) మొదటి భాగము మేలైనది. ఉగ్రవాదుల చెరనుండి బయటపడి వచ్చిన బ్రోడీ అను సైనికుడు భార్యాబిడ్డలకు తెలియకుండ కారుషెడ్డులో నమాజు చేయును. నడుమునకు బాంబులు కట్టుకొని మీట నొక్కబోవు క్షణమున కూతురు ఫోను చేసి, ఇంటికి వత్తువని మాట యిమ్మనును. ఆతడు ఆగిపోవును. కాన్రాడ్ నవలలో ఇల్లు బలియైనది. ఇచ్చట ఇల్లు రక్షించెను.

భారతదేశమున ఈ శాఖకు రూపము ఆలస్యముగా వచ్చెను. రెన్సిల్ డిసిల్వా 'కుర్బాన్' (2009) అమెరికా శివారునందలి ప్రవాసుల యిండ్లలో ఇట్టి కథను నడపెను. అంతకు ముందే కృష్ణవంశీ 'ఖడ్గం' (2002)లో దేశభక్తుడైన ఆటో డ్రైవరు అంజాద్ (ప్రకాశ్ రాజ్) తన తమ్ముడే ఉగ్రవాదులలో చేరినాడని తెలిసి కుమిలిపోవుట తెలుగు ప్రేక్షకులకు చూపెను. నీరజ్ పాండే 'ఎ వెడ్నెస్‌డే' (2008) ఈ సూత్రమును తలక్రిందులు చేసి, పేరులేని మధ్యతరగతి గృహస్థుని చేతనే నగరమును బెదిరింపజేసెను. 2009లో అది కమల్ హాసన్, వెంకటేశ్‌లతో 'ఈనాడు' అను పేర తెలుగులో వచ్చెను.

హైదరాబాదు వాసులకు ఇది కల్పన మాత్రమే కాదు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కునందును గోకుల్ చాట్ దుకాణమునందును ప్రేలిన బాంబులకు 40 మందికి పైగా మరణించిరి; 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు అమర్చిన బాంబులు ప్రేలెను. కథలకెక్కవలసిన రెండవ ముఖమును కలదు: 2007 మేలో మక్కా మసీదు ప్రేలుడు పిమ్మట నిర్బంధింపబడిన పాతబస్తీ యువకులు పలువురు నిర్దోషులని న్యాయస్థానములు విడిచిపుచ్చెను. 2007 ప్రేలుళ్ల ప్రేరణతో వచ్చిన నాగార్జున చిత్రము 'వైల్డ్ డాగ్' (2021) పోలీసుల వేటకే పరిమితమయ్యెను.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాలలో కలిసి చదివిన రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. రూపొందించిన 'ది ఫ్యామిలీ మ్యాన్' (2019) ముంబయి మధ్యతరగతి సంసారమును, ఉగ్రవాద నిరోధమును ఒకే కప్పు క్రిందికి తెచ్చెను. ఇందు మారుముఖముతో నుండునది నిఘా అధికారియే, ఇంటివారికి తన వృత్తిని చెప్పుకొనలేడు. రెండవ భాగమున సమంత ధరించిన రాజీ చెన్నైలో మిల్లు కార్మికురాలు. బస్సులో తాకుచు వచ్చు మగవారిని, మిల్లులో వేధించు పైయధికారిని తల వంచుకొని భరించుచు, తాను శిక్షణ పొందిన తమిళ పోరాటకారిణినను సంగతిని దాచికొనును. ఆ యోర్పును అంత దగ్గరగా, అంత ఓపికతో చూపుటయే ఈ భాగమునకు ప్రాణము. తమిళులను కించపరచినదని తమిళనాడు ప్రభుత్వము దీనిని నిషేధింపుమని కేంద్రమును కోరినను, 2021 జూను మాసమున ఇది ప్రసారమయ్యెను.