బేలులో రాయి, వాటాలో గాలి

2024 అక్టోబరు 31వ తేదీన “లక్కీ భాస్కర్” అను తెలుగు చలనచిత్రము విడుదలైనది. దర్శకుడు వెంకీ అట్లూరి. కథానాయకుడు దుల్కర్ సల్మాన్. బొంబాయిలో ఒక బ్యాంకున చిన్న జీతముపై పనిచేయు మధ్యతరగతి ఉద్యోగి, అప్పులవారి మాటలు పడలేక, బ్యాంకు ధనమును చాటుగా త్రిప్పుట నేర్చి, పిమ్మట ఒక వాటాల దళారీతో ముడిపడిన వ్యవహారములలో కోట్లు గడించుట అందలి కథ. చివరకు అతడు చట్టమునకు చిక్కక తప్పించుకొనును. ఎల్లకాలము ఓడిన సామాన్యుడు ఒక్కసారి గెలిచినట్లు తోచి ప్రేక్షకులు సంతోషించుట సహజమే. కాని చరిత్ర తిరుగవేయువారికి ఒక ప్రశ్న మిగులును. ధర శిఖరమున ఉండగా అమ్మినవాడు గట్టెక్కినచో, ఆ ధరకు కొన్నవాడు ఏమయ్యెను? అతని కథ సాధారణముగా తెరమీదికి రాదు. ఆ కొన్నవాని పక్షమున నిలిచి వాటాల విక్రయములోని ధర్మాధర్మములను కొంత విచారింతము.

ఈ కథకు రంగస్థలము బొంబాయియే యైనను, దాని వేరు పత్తి చేలలో నున్నది. మంగళగిరి దాటి గుంటూరు మీదుగా ప్రకాశము జిల్లా వైపు సాగినచో కనిపించు నల్లరేగడి నేలలకును ఆ చరిత్రతో సంబంధము కలదు.

1861 ఏప్రిలులో అమెరికాలో అంతర్యుద్ధము ఆరంభమయ్యెను. ఉత్తర రాష్ట్రముల నౌకలు దక్షిణపు రేవులను దిగ్బంధించుటచే ఇంగ్లండులోని లాంకషైరు మిల్లులకు పత్తి కరవయ్యెను. అంతవరకు ఆ మిల్లులకు వలసిన పత్తిలో అధికభాగము అమెరికానుండియే వచ్చుచుండెను. ఇప్పుడు వారి చూపు భారతదేశముపై పడెను. ధర కొన్ని రెట్లు పెరిగెను. మన ప్రాంతము అప్పటికి కృష్ణా జిల్లాలో చేరియుండెను. 1859లో రద్దయిన గుంటూరు జిల్లా 1904లో గాని మరల ఏర్పడలేదు. ఈ నేలలో పండి కాకినాడ రేవున ఓడకెక్కిన, కొంచెము ఎరుపు చాయగల పత్తికి విదేశపు బజారులో ‘కొకనాడ’ అనియే పేరు నిలిచినది. పత్తి ధర పెరిగిన ఆ సంవత్సరములలో పండించినవాని చేతిలో నాలుగు డబ్బులు ఆడెను. నూలు కొని నేయవలసిన మద్రాసు రాజధాని చేనేతవారి యిండ్ల పొయ్యిలో పిల్లి లేవని దినములు వచ్చెను. ధర యొక్కటియే, ఒకరికి వరము, మరియొకరికి శాపము.

పత్తికై వచ్చిన బంగారము, వెండి ముఖ్యముగా బొంబాయిలో కుప్పపడెను. కూర్చున్న ధనమునకు కాళ్లు వచ్చునందురు. ఆ ధనము క్రొత్త క్రొత్త కంపెనీల వాటాలలోనికి నడచెను. 1865 జనవరి నాటికి ఆ నగరమున 31 బ్యాంకులు, 16 ఆర్థిక సంఘములు, 8 భూమి కంపెనీలు వెలసెను. సముద్రమును పూడ్చి నేల చేయుదుమని బయలుదేరిన బ్యాక్ బే కంపెనీ వాటా ఒక్కటి 5,000 రూపాయలు. పూడ్పు పూర్తికాకముందే అది దానికి అనేక రెట్లు పలికెను. నేల ఇంకను నీటిలోనే యున్నది. ధర మాత్రము ఆకాశమున నున్నది.

ఈ వ్యాపారమునకు నాయకుడు ప్రేమచంద్ రాయచంద్ అను పత్తి వర్తకుడు, దళారీ. బ్యాంక్ ఆఫ్ బాంబేపై ఆయన పలుకుబడి మిక్కిలి గొప్పది. 1863లో ఆ బ్యాంకు చట్టము మార్చబడి పూర్వపు కట్టుబాట్లు సడలెను. వాటాలనే తాకట్టు పెట్టుకొని అప్పులిచ్చుట సాగెను. ఆ అప్పుతో మరల వాటాలు కొనిరి. కొన్నకొలది ధర పెరిగెను. ధర పెరిగినకొలది అప్పు పుట్టెను.

ఇచ్చట ఒక విచిత్రమును గమనింపవలెను. అదే 1863లో బొంబాయి ప్రభుత్వము పత్తి మోసముల నివారణకు ఒక చట్టము చేసెను. బేలులో రాయియో, మట్టియో, గింజయో కలిపి తూకము పెంచినవారికి శిక్ష. పరీక్షించుటకు ప్రత్యేకముగా ఉద్యోగులు. పత్తిలో కల్తీ నేరమైన ఆ నగరముననే, ఆ సంవత్సరములలోనే, వాటాలో గాలి నింపి అమ్మువానిని అడిగిన ఉద్యోగి లేడు. కారణము స్పష్టము. బేలును విప్పి చూపవచ్చును; వాటాను విప్పి చూపుటెట్లు?

1865 ఏప్రిలులో అమెరికా యుద్ధము ముగియవచ్చెను. పత్తి ధర పడెను. ఆ సంవత్సరము జూలై 1వ తేదీకి వాటాలు ఇచ్చి పుచ్చుకొందుమని వాయిదా బేరములు అసంఖ్యాకముగా వ్రాసికొనియుండిరి. ఆ దినము వచ్చునప్పటికి ఇచ్చుటకు ధనము ఒకరియొద్దను లేదు. వరుసగా దివాలాలు తీసిరి. బ్యాంక్ ఆఫ్ బాంబే మూలధనములో అధికభాగము హరించుకొని పోయెను. 1868లో విచారణ సంఘము కూర్చుండెను. ప్రేమచందును కూలెను. ఆయన దానముతో లేచిన రాజాబాయి గడియార స్తంభము మాత్రము నేటికిని బొంబాయిలో నిలిచియున్నది. న్యాయముగా చెప్పవలెనన్న, ఆయన కేవలము దుష్టుడు కాడు. తాను అమ్మినదానిని తానే నమ్మినవాడు. లోభము చాల తడవలు విశ్వాసపు వేషముననే వచ్చునని ఆయన చరిత్ర చెప్పుచున్నది.

దళారులు బుద్ధి తెచ్చుకొని 1875లో ఒక సంఘముగా ఏర్పడిరి. చేరిక రుసుము ఒక రూపాయి. అదియే నేటి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజికి మూలము. అయినను నూట ఇరువది యేడేండ్ల పిమ్మట అదే నగరమున అదే కథ మరల జరిగెను. “లక్కీ భాస్కర్” చిత్రమునకు నేపథ్యమైనది ఆ 1992 నాటి ఉదంతమే. బ్యాంకులు ప్రభుత్వ పత్రములను తమలో తాము తాత్కాలికముగా అమ్మికొని, కొనుకొనునపుడు మధ్య నిలిచిన దళారీ హర్షద్ మెహతా, ఆ ధనమును వాటాల బజారునకు మళ్లించెను. వెనుక పత్రములు లేని ఉత్త బ్యాంకు రసీదులు చేతులు మారెను. సిమెంటు కంపెనీ ఏ.సీ.సీ. వాటా కొన్ని వందల రూపాయలనుండి 9,000 వరకు ఎగబ్రాకెను. 1992 ఏప్రిలులో సుచేతా దలాల్ అను పత్రికా రచయిత్రి ఈ సంగతి బయటపెట్టగా బజారు కుప్పకూలెను. రిజర్వు బ్యాంకు నియమించిన జానకిరామన్ సంఘము సుమారు 4,000 కోట్ల లోటును తేల్చెను. 1865లో వాటాపై అప్పు. 1992లో కాగితముపై అప్పు. రెండింటను పణముగా పెట్టబడినది పరుల సొమ్మే.

మూడవ ఉదంతము మన యింటిదే. 2009 జనవరి 7వ తేదీన హైదరాబాదులోని సత్యం కంప్యూటర్సు అధ్యక్షుడు బి. రామలింగరాజు, కంపెనీ లెక్కలలో చూపిన నగదులో 5,000 కోట్లకు పైబడినది లేనేలేదని స్వయముగా లేఖ వ్రాసెను. ఆ ఒక్కనాడే వాటా ధర మూడువంతులకు మించి పడిపోయెను. 2015 ఏప్రిలులో ప్రత్యేక న్యాయస్థానము ఏడేండ్ల శిక్ష విధించెను. పిమ్మట అప్పీలుపై ఆ శిక్ష నిలుపుదల చేయబడినది. ఆ లేఖకు కొన్ని నెలల ముందే, పరిపాలన దక్షతకు ఆ కంపెనీ బహుమానము పొందియుండెను. ఇచ్చట గాలి నింపినది బజారు దళారీ కాదు, కంపెనీ లెక్కలే.

ఈ మూడింటిలో మాకు కనిపించు సామాన్య ధర్మము ఒక్కటే. గుంటూరు యార్డులో కొనువాడు మిరపకాయను విరిచి రంగు చూచును, తేమ చూచును; పత్తి పింజను లాగి పొడవు చూచును. సరకే సాక్ష్యము చెప్పును. వాటా విషయమున సరకు లేదు. అమ్మువాని మాటయే సరకు. కనుక మిరప అమ్మువానికంటె వాటా అమ్మువానికి సత్యభారము ఎక్కువ. తనకు తెలిసి, కొనువానికి తెలియని కీడును దాచి అమ్ముట బేలులో రాయి కట్టుటయే. 1992లో సెబీకి చట్టబలము కలిగించుట, లోపలి రహస్యము తెలిసి బేరమాడుటను నిషేధించుట ఈ ధర్మమునకు ఆలస్యముగ లభించిన శాసనరూపములు.

అయినను శాసనము లోభమును చంపజాలదు. 1865 నాటి వాయిదా బేరములకు దాయాదులు నేటి ఫ్యూచర్సు, ఆప్షన్సు. ఇప్పుడవి చేతి ఫోనులోనికే వచ్చినవి. 2024 సెప్టెంబరులో సెబీ ప్రకటించిన లెక్క ప్రకారము, అంతకు ముందటి మూడు ఆర్థిక సంవత్సరములలో ఈ బేరములాడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. ఏడుగురి విజయమును చూపి తొంబది ముగ్గురిని పిలుచు మాట సత్యమా, అసత్యమా? అక్షరములు సత్యమే, ఉద్దేశము అసత్యము.

మంగళగిరి పానకాలస్వామికి ఎంత పానకము సమర్పించినను, స్వామి సగము స్వీకరించి సగము భక్తునకు తిరిగి ఇచ్చునని మన పెద్దల విశ్వాసము. ఎదుటివాని పాత్రలోను కొంత మిగులవలెనను మర్యాద దానియందు కలదని మా భావన. 1865లోను, 1992లోను, 2009లోను తప్పిపోయినది ఆ మర్యాదయే.

వాటాలు కొనుట పాపము కాదు. రైల్వేలు, మిల్లులు, మందుల కర్మాగారములు పదిమంది వాటాలతోనే లేచినవి. కాని ఇంటికి వచ్చి, “ఇది తప్పక పెరుగును” అని చెప్పు మిత్రునైనను, బంధువునైనను ఒక మాట అడుగుడు: “నేను కొన్నచో నీకేమి వచ్చును? పడినచో నీకేమి పోవును?” మొదటి ప్రశ్నకు జవాబు దాచి, రెండవదానికి “ఏమియు పోదు” అనువానియొద్ద కొనకుండుటయే క్షేమము.