పగడపు అక్వేరియం

పగడపు అక్వేరియం అనగా సముద్రపు పగడపు జీవులను, వాటితో పాటు చిన్న చేపలను, రొయ్యలను, నత్తలను గాజు తొట్టిలో ఉప్పునీటిలో పెంచే ఏర్పాటు. ఆంగ్లంలో దీనిని రీఫ్ అక్వేరియం అంటారు. సుమారు వంద లీటర్ల లోపు నీరు పట్టే తొట్టిని పెంపకందారులు నానో రీఫ్ అని పిలుస్తారు. మంచినీటి తొట్టిలో చేపలే ప్రధానం. పగడపు తొట్టిలో రాతిని పట్టుకుని కదలకుండా ఉండే జంతువులు ప్రధానం. వాటి రంగులు చూసే చాలామంది ఈ అభిరుచిలోకి అడుగుపెడతారు. అయితే పగడం రంగు ఎల్లవేళలా దాని ఆరోగ్యానికి గుర్తు కాదు. గోధుమరంగులో ఉన్న పగడం పూర్తి ఆరోగ్యంతో ఉండవచ్చును, ఉన్నట్టుండి మెరిసిపోయే పగడం చావుకు దగ్గరగా ఉండవచ్చును.

తెలుగు రాష్ట్రాల తీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణా నదులు తెచ్చే ఒండ్రుమట్టి, మంచినీరు వాటికి అనుకూలం కావు. భారతదేశంలో ఇవి ప్రధానంగా కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులలో ఉన్నాయి. అయినా మేడ్చల్ జిల్లాకు పగడాలతో ఒక సంబంధం కలదు. 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అనగా ఇన్‌కాయిస్, ఈ జిల్లాలోని ప్రగతి నగర్‌లో ఉన్నది. సునామీ హెచ్చరికలు వెలువరించే ఈ సంస్థ 2011 నుండి దేశంలోని పగడపు దిబ్బలు వేడికి పాలిపోయే ప్రమాదాన్ని కూడా ఉపగ్రహాల సాయంతో గమనిస్తున్నది. సముద్రానికి ఇంత దూరాన, దక్కను పీఠభూమి మీద కూర్చుని పగడాల జ్వరం కొలవడం విచిత్రంగా తోచవచ్చును. ఆ కొలత వెనుక ఉన్న సూత్రమే ఇంట్లోని చిన్న తొట్టికీ వర్తిస్తుంది.

పగడపు జీవి

పగడం మొక్క కాదు, రాయి కాదు, జంతువు. జెల్లీ చేపలు, సముద్రపు ఎనిమోన్లు ఉన్న నిడేరియా వర్గానికి చెందినది. ఒక్కొక్క జీవిని పాలిప్ అంటారు. దానికి ఒక నోరు, నోటి చుట్టూ స్పర్శకాలు ఉంటాయి. వేలకొలది పాలిప్‌లు కలిసి ఒక సమూహంగా పెరుగుతాయి. కఠిన పగడాలు నీటిలోని కాల్షియంను గ్రహించి కాల్షియం కార్బొనేటు అస్థిపంజరాన్ని నిర్మిస్తాయి. పగడపు దిబ్బలు ఈ అస్థిపంజరాలతోనే ఏర్పడతాయి. తోలు పగడం వంటి మృదు పగడాలకు అటువంటి గట్టి అస్థిపంజరం ఉండదు. పుట్టగొడుగు పగడాలు, జోయాంథిడ్‌లు శాస్త్రీయంగా వేరే క్రమాలకు చెందినవైనా పెంపకందారులు వాటినీ మృదు పగడాలతో కలిపే చెబుతారు.

నవరత్నాలలో ఒకటైన ఎర్రని పగడం వేరు. అది మధ్యధరా సముద్రంలో లభించే కొరాలియం రూబ్రం అనే జీవి యొక్క అస్థిపంజరం. ఎరుపు ఆ అస్థిపంజరానిదే కనుక జీవి చనిపోయిన తరువాత కూడా ఉంగరంలో రంగు నిలుస్తుంది. తొట్టిలోని పగడం రంగు బతికి ఉన్న పలుచని కణజాలానిది. కణజాలం పోతే మిగిలేది తెల్లని సున్నపు ముద్ద మాత్రమే.

రంగు ఎక్కడిది

దిబ్బలలోని పగడాల కణజాలంలో జూజాంతెల్లే అనే ఏకకణ శైవలాలు సహజీవనం చేస్తాయి. ఇవి కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారుచేసిన చక్కెరలు పగడానికి ఆహారంలో అధిక భాగాన్ని సమకూరుస్తాయి. ప్రతిఫలంగా పగడం వాటికి నివాసాన్ని, నత్రజని, భాస్వరం గల వ్యర్థాలను ఇస్తుంది. ఈ శైవలాల సహజ వర్ణం గోధుమరంగు. కాబట్టి పగడానికి మూలరంగు గోధుమ అని చెప్పవచ్చును.

ఆకుపచ్చ, నీలం, గులాబీ, ఊదా వంటి రంగులు పగడం తానే తయారుచేసుకునే ప్రోటీన్ల వలన వస్తాయి. వీటిలో కొన్ని నీలికాంతిని గ్రహించి వేరొక రంగులో వెలువరిస్తాయి, దీనినే ప్రతిదీప్తి అంటారు. మొదట జెల్లీ చేపలో కనుగొన్న ఆకుపచ్చ ప్రతిదీప్తి ప్రోటీన్‌కు సంబంధించిన కృషికి ఒసాము షిమోమురా, మార్టిన్ చాల్ఫీ, రోజర్ చెన్‌లకు 2008లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. అంతకు ముందే 1999లో మిఖాయిల్ మాట్జ్, సెర్గీ లుక్యానోవ్ తదితర రష్యా శాస్త్రవేత్తలు పగడాలలోనూ ఇటువంటి ప్రోటీన్లు ఉన్నట్లు ప్రకటించారు. వాటిలో ఎర్రనిది పుట్టగొడుగు పగడంలో దొరికింది. నేడు ప్రపంచమంతటా కణశాస్త్ర ప్రయోగశాలలలో వాడే ఎరుపు గుర్తుకు మూలం, ఇళ్ళలో పెంచే ఈ సాధారణ పగడమే.

ఈ ప్రోటీన్లలో చాలావాటి పని అలంకారం కాదు. తీవ్రమైన కాంతి నుండి లోపలి శైవలాలను కాపాడే గొడుగు వలె ఇవి పనిచేస్తాయి. కాంతి పెరిగితే ప్రోటీన్ పెరుగుతుంది, నీడలో తగ్గుతుంది.

రంగును చదవడం

నీటిలో నైట్రేటు, ఫాస్ఫేటు ఎక్కువై కాంతి తక్కువైతే శైవలాలు పెరిగి పగడం ముదురు గోధుమరంగుకు మారుతుంది. ఇది చూపుకు ఇంపుగా ఉండదు కానీ దానంతట అదే జబ్బు కాదు. పోషకాలు మరీ తక్కువైతే శైవలాలు క్షీణించి పగడం లేతరంగుకు వస్తుంది. ఈ లేతరంగును అందంగా భావించి మరింత శుద్ధి చేసేవారు ఉన్నారు. అది ఆకలితో ఉన్న జీవిని నాజూకుగా ఉందని మెచ్చుకోవడం వంటిది. ఫాస్ఫేటు కొరత ఏర్పడిన పగడాలు వేడికి, కాంతికి మరింత సులభంగా పాలిపోతాయని 2013లో జోర్గ్ వీడెన్‌మన్ బృందం ప్రచురించిన పరిశోధన తెలిపింది.

వేడి ఎక్కువైనపుడు పగడం తన శైవలాలను వెలివేస్తుంది. అప్పుడు పారదర్శక కణజాలం గుండా తెల్లని అస్థిపంజరం కనిపిస్తుంది. దీనిని పాలిపోవడం లేదా బ్లీచింగ్ అంటారు. కొన్ని పగడాలు ఈ దశలో తెల్లబడకుండా కళ్ళు చెదిరే గులాబీ, నీలం, పసుపు రంగులలో వెలుగుతాయి. శైవలాలు పోయిన చోట కాంతి లోపల పరావర్తనం చెంది, రక్షక ప్రోటీన్ల తయారీని ప్రేరేపించడమే ఇందుకు కారణమని 2020లో వెలువడిన పరిశోధన వివరించింది. మూడు నాలుగు రోజులలో తొట్టిలోని పగడం ఎన్నడూ లేనంత రంగు తేలితే సంతోషించే ముందు ఉష్ణమాపకం చూడవలెను.

కనుక రంగు కంటే నమ్మదగిన గుర్తులు వేరే ఉన్నాయి. పగటిపూట పాలిప్‌లు నిండుగా విచ్చుకోవడం, అంచుల వద్ద కొత్త కణజాలం పెరగడం, తాకినపుడు చురుకుగా ముడుచుకోవడం, పాదం రాతిని గట్టిగా పట్టుకోవడం ఆరోగ్య లక్షణాలు. తోలు పగడాలు అప్పుడప్పుడు కొద్ది రోజులు ముడుచుకుని పైపొరను విడుస్తాయి. అది సహజం.

చట్టం

భారతదేశంలో పగడాల పెంపకం గురించి చెప్పేటపుడు ముందు చూడవలసినది చట్టం. విదేశీ పుస్తకాలలో, చిత్రాలలో కనిపించే కొమ్మల పగడాలు దాదాపు అన్నీ కఠిన పగడాలే. దిబ్బలను నిర్మించే కఠిన పగడాలన్నింటినీ, నల్ల పగడాలను, అగ్ని పగడాలను, ఆర్గాన్ పైప్ పగడాన్ని, సముద్రపు విసనకర్రలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో చేర్చారు. అంటే చట్టం దృష్టిలో ఇవి పులితో సమానం. వీటిని సేకరించినా, అమ్మినా మూడు నుండి ఏడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చును. దుకాణదారు ఇచ్చే మాట రసీదు కాదు. పుట్టగొడుగు పగడాలు, జోయాంథిడ్‌లు, తోలు పగడాలు ఆ జాబితాలో పేర్కొనబడలేదు. అయితే సముద్ర జాతీయ ఉద్యానవనాల నుండి ఏ జీవిని తీసినా నేరమే, విదేశాల నుండి తెచ్చినవాటికి దిగుమతి పత్రాలు ఉండవలెను. ఇకపై ఈ వ్యాసంలో చెప్పే పద్ధతులు ఈ మృదు పగడాలకు సంబంధించినవి. అదృష్టవశాత్తు చిన్న తొట్టికి, కొత్తవారికి తగినవి కూడా ఇవే.

నీరు

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం గ్రానైటు శిలల మీద ఉన్నది. బోరుబావుల నీటిలో సాధారణంగా కఠినత్వం ఎక్కువ. పొలాలు, మురుగు ఉన్నచోట నైట్రేటు కూడా చేరుతుంది. నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఏ నీటిని వాడినా రివర్స్ ఆస్మోసిస్ ద్వారా, ఆ పైన అయాన్లను తొలగించే రెజిన్ ద్వారా శుద్ధి చేసి, టీడీఎస్ మీటరు సున్నా చూపిన తరువాతనే ఉప్పు కలపవలెను. వీధి చివర ప్లాంటులో అమ్మే ఇరవై లీటర్ల క్యాన్ నీరు సరిపోతుందని అనుకోరాదు. తాగేందుకు రుచి కోసం అందులో కొంత లవణాన్ని మిగులుస్తారు.

ఉప్పు అంటే వంట ఉప్పు కాదు. సముద్రపు నీటిలో సోడియం క్లోరైడుతో పాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం మొదలైనవి నిర్ణీత పాళ్ళలో ఉంటాయి. ఇందుకోసం తయారుచేసిన సముద్ర లవణ మిశ్రమాన్నే వాడవలెను. సముద్రపు లవణీయత కిలో నీటికి దాదాపు 35 గ్రాములు. 60 లీటర్ల తొట్టికి రమారమి రెండు కిలోల పైచిలుకు మిశ్రమం పడుతుంది.

చిన్న తొట్టిలో ప్రమాదమంతా మార్పు వేగంలోనే ఉన్నది. 60 లీటర్ల తొట్టి నుండి రెండు లీటర్లు ఆవిరైతే నీరు మాత్రమే పోతుంది, ఉప్పు మిగులుతుంది. లవణీయత 35 నుండి 36 దాటుతుంది. కాబట్టి ప్రతిదినం తగ్గిన మేరకు శుద్ధమైన మంచినీటిని కలపవలెను, ఉప్పునీటిని కాదు. గాజుపై నీటిమట్టం వద్ద ఒక గీత గీసుకుంటే చాలు. వారానికి పదోవంతు నీటిని మార్చితే మృదు పగడాలకు కావలసిన కాల్షియం, ఇతర మూలకాలు దాదాపుగా అందుతాయి. రంగు పెంచునని అమ్మే సీసాల మందులను, పరీక్షించి కొలవకుండా, వేయరాదు. చేపల జబ్బులకు వాడే రాగి మందులు పగడాలకు ప్రాణాంతకం.

వేడి

ఈ ప్రాంతంలో అతి పెద్ద సమస్య నీరు కాదు, ఏప్రిల్, మే నెలలు. పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటే రోజులలో, పంపు, దీపాల వేడి కూడా తోడై, మూసిన గదిలోని తొట్టి 32 డిగ్రీలకు సులభంగా చేరుతుంది. పగడాలకు 25 నుండి 27 డిగ్రీలు అనుకూలం.

సముద్రంలో ఆయా చోట అత్యంత వేడిగా ఉండే నెల సగటు కంటే ఒక డిగ్రీ పెరిగితే పగడాలకు ఒత్తిడి మొదలైనట్లు లెక్కిస్తారు. ఆ ఒక్క డిగ్రీ నాలుగు వారాలు నిలిస్తే పాలిపోవడం, ఎనిమిది వారాలైతే మరణాలు ఆశించవచ్చును. ఇన్‌కాయిస్ హెచ్చరికలు ఈ లెక్క మీదనే ఆధారపడినవి. 1998, 2010, 2016 సంవత్సరాలలో భారత జలాలలో పగడాలు విస్తారంగా పాలిపోయాయి. ప్రపంచవ్యాప్తంగా నాలుగవ పాలిపోవు ఘట్టం జరుగుతున్నదని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు, ఆ వేసవిలో లక్షద్వీప్ పగడాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. సముద్రంలో నెలలు పట్టేది గాజు తొట్టిలో కొద్ది రోజులలో జరుగుతుంది.

నీటి ఉపరితలంపై గాలి వీచేలా చిన్న ఫ్యాన్ అమర్చడం చవకైన ఉపాయం. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలో కేలరీల వేడి కావలెను. ఇది 60 లీటర్ల నీటిని తొమ్మిది డిగ్రీలకు పైగా వేడి చేయగల మొత్తం. ఎండాకాలపు పొడిగాలిలో మట్టికుండ చల్లబడే సూత్రమే ఇది. జూలై, ఆగస్టు నెలల తేమగాలిలో ఫ్యాన్ అంతగా పనిచేయదు, కానీ అప్పటికి ఎండ కూడా తగ్గుతుంది. విద్యుత్ పోయినపుడు వేడి కంటే ముందు ప్రాణవాయువు కొరత చంపుతుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపును సిద్ధంగా ఉంచుకోవలెను. ఐస్ ముక్కలను నేరుగా తొట్టిలో వేయరాదు. లవణీయత, ఉష్ణోగ్రత రెండూ ఒక్కసారిగా పడిపోతాయి.

కాంతి, పోషకాలు

శైవలాలకు నీలికాంతి ప్రధానం. రోజుకు ఎనిమిది నుండి పది గంటల వెలుగు చాలును. కొత్త పగడాన్ని మొదట అడుగున, నీడపట్టున ఉంచి మూడు నాలుగు వారాలలో క్రమంగా పైకి మార్చవలెను. నీలి దీపం కింద మాత్రమే చూసి పగడాన్ని కొనరాదు, ప్రతిదీప్తి లోపాలను కప్పిపుచ్చుతుంది. తెల్లని వెలుగులో చూస్తేనే నిజమైన స్థితి తెలుస్తుంది.

నైట్రేటు లీటరుకు 2 నుండి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేటు 0.03 నుండి 0.1 మిల్లీగ్రాములు ఉండేలా చూడడం మంచిదని అనుభవజ్ఞుల మాట. రెండింటినీ సున్నాకు తేవడం లక్ష్యం కారాదు. 1961లో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రపు సజీవ శిలలనే తొట్టి శుద్ధికి వాడే పద్ధతిని ప్రచురించాడు. ఆ శిలల రంధ్రాలలోని బాక్టీరియా వ్యర్థాలను నైట్రేటుగా, కొంతమేర నత్రజని వాయువుగా మార్చుతాయి. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా స్థిరపడేందుకు నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు పగడాలను తేకుండా ఆగడమే కష్టం.

జాగ్రత్తలు

కొన్ని జోయాంథిడ్‌లలో పాలిటాక్సిన్ అనే అతి తీవ్రమైన విషం ఉన్నది. దీనిని 1971లో హవాయి శాస్త్రవేత్తలు వేరుచేశారు. గాయమున్న చేతులతో వీటిని తాకరాదు, కత్తిరించేటపుడు చేతి తొడుగులు, కళ్ళజోడు తప్పనిసరి. ఇవి అంటుకుని ఉన్న రాళ్ళను శుభ్రం చేయడానికి వేడినీటిలో మరిగిస్తే ఆవిరి ద్వారా ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు పలు దేశాలలో నమోదయ్యాయి. తొట్టి ఉన్న గదిలో దోమల మందు పిచికారీ చేస్తే పగడాలతో ఉండే రొయ్యలు చనిపోతాయి.

నీరు మార్చినపుడు తీసిన ఉప్పునీటిని తోట మొక్కలకు గాని, ఇంకుడుగుంతలో గాని, చెరువులో గాని పోయరాదు. మురుగు కాలువలోనే పారబోయవలెను.