రచయిత: ప్రైవేట్ 19022

1930 జనవరిలో లండన్ పుస్తకాల షాపుల్లోకి ఓ యుద్ధ నవల వచ్చింది. పేరు ‘హర్ ప్రైవేట్స్ వి’. రచయిత పేరుండాల్సిన చోట ‘ప్రైవేట్ 19022’ అని ఉంది. బ్రిటిష్ సైన్యంలో ప్రైవేట్ అంటే అన్నిటికన్నా కింది మెట్టు మీదుండే సిపాయి. ఆ అంకె అతని సైనిక నంబరు. సైనికులు రాసిన నవలల తొలి ముద్రణలు సేకరించేవాళ్లు ఈ పుస్తకం దొరికితే కళ్లకద్దుకుంటారు. అయితే వాళ్లు ఏళ్ల తరబడి వెతికేది దీనికన్నా ముందు పుట్టిన మరో పుస్తకం కోసం.

దాని పేరు ‘ది మిడిల్ పార్ట్స్ ఆఫ్ ఫార్చ్యూన్’. 1929లో రెండు సంపుటాలుగా, చందాదారుల కోసం విడిగా వేశారు. అచ్చయినవి 520 ప్రతులే. దాని మీదా రచయిత పేరు లేదు. రెండు పుస్తకాల్లోనూ కథ ఒకటే, మనుషులూ వాళ్లే. తేడా అంతా ఆ మనుషుల నోటి మాటలో ఉంది.

రాసినవాడు ఫ్రెడరిక్ మానింగ్. 1882లో సిడ్నీలో పుట్టాడు. చిన్నతనం నుంచీ ఉబ్బసం. ఇంగ్లండు వెళ్లి కవిత్వం రాశాడు. 1909లో వచ్చిన గద్య పుస్తకం ‘సీన్స్ అండ్ పోర్‌ట్రెయిట్స్’తో సున్నితమైన శైలి గలవాడని కొద్దిమంది పాఠకుల్లో పేరు తెచ్చుకున్నాడు. గ్రీకు, లాటిన్ సాహిత్యాల్లో మునిగి తేలే అలాంటి మనిషి 1915లో ష్రాప్‌షైర్ పదాతి దళంలో మామూలు సిపాయిగా చేరాడు. 1916లో ఫ్రాన్స్‌లోని సోమ్ నది పోరులో ఉన్నాడు. నవలలో బోర్న్ అనే సిపాయి చాలావరకు అతనే. లింకన్‌షైర్‌లో మానింగ్ కొంతకాలం ఉన్న ఊరి పేరే బోర్న్.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి పదేళ్లు దాటినా ఆ అనుభవం పుస్తకం కాలేదు. 1929లో రెమార్క్ జర్మన్ నవల ‘ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ ఇంగ్లీషులోకి రాగానే యుద్ధ నవలలకు గిరాకీ పెరిగింది. ప్రచురణకర్త పీటర్ డేవిస్ మానింగ్ వెంటపడి రాయించాడు. ఈ డేవిస్ పేరే జె. ఎం. బారీ తన ‘పీటర్ పాన్’కు పెట్టుకున్నాడు. డేవిస్ కూడా సోమ్‌లో పోరాడినవాడే. ఆ కందకాల్లో జనం ఎలా మాట్లాడుకున్నారో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

చిక్కు అక్కడే వచ్చింది. మానింగ్ సిపాయిలు పల్లె యాసలో మాట్లాడతారు, మాటకు ముందూ వెనకా బూతు దొర్లుతుంది. వాళ్ల కోపం, భయం, స్నేహం అన్నీ ఆ మాటల్లోనే బయటికొస్తాయి. అంతకు ముందే, 1928 నవంబరులో, రాడ్‌క్లిఫ్ హాల్ నవల ‘ది వెల్ ఆఫ్ లోన్లీనెస్’ అశ్లీలమంటూ దాని ప్రతులను నాశనం చేయమని లండన్ కోర్టు తీర్పిచ్చింది. ఆ నవలలో బూతులే లేవు. ఇక ఈ సిపాయిల భాష బజారులోకి వస్తే ఏమయ్యేదో ఊహించవచ్చు. అందుకే ఉన్నదున్నట్టు రాసినది 520 మందికి చేరింది, బూతులు తీసేసిన ప్రతి లోకానికి చేరింది. అదే సమయంలో రిచర్డ్ ఆల్డింగ్టన్ తన యుద్ధ నవల ‘డెత్ ఆఫ్ ఎ హీరో’లో కొట్టేసిన మాటల చోట చుక్కగుర్తులు వేయించాడు. ఆ పేజీల్లో గాయం కనిపిస్తూ ఉంటుంది. మానింగ్ 1930 పుస్తకంలో అతుకు తెలియదు. నాకు అదే ఎక్కువ బాధగా ఉంటుంది.

రెండు పేర్లూ షేక్‌స్పియర్ ‘హామ్లెట్’లోని ఒకే సంభాషణ నుంచి వచ్చాయి. ప్రైవేట్ అన్న మాటకు సిపాయి అనీ, మర్మాంగం అనీ అర్థాలున్నాయి. బూతులన్నీ కడిగేసిన పుస్తకానికి అట్ట మీద ఆ శ్లేష మిగిలిపోయింది.

సంఖ్య చాటున దాగిన రచయితను ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుపడ్డ టి. ఇ. లారెన్స్ ఇట్టే పట్టేశాడు. ‘సీన్స్ అండ్ పోర్‌ట్రెయిట్స్’ను ఎంతో ఇష్టంగా చదువుకున్నవాడు కనుక వాక్యం నడకను బట్టే మానింగ్‌ను గుర్తుపట్టాడు. అట్ట మీద మాత్రం ఆ పేరు రావడానికి 1943 దాకా పట్టింది. మానింగ్ 1935 ఫిబ్రవరిలోనే పోయాడు.

సేకరించేవాళ్లకు ఒక మాట. 1929 సెట్ కొంటే రెండు సంపుటాలూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. విడిపోయిన సంపుటానికి జోడు దొరకడం కష్టం. 1930 పుస్తకం ఆ ఏడే మళ్లీ మళ్లీ అచ్చయింది కనుక టైటిల్ పేజీ వెనక ముద్రణ వివరం చదవకుండా డబ్బు చేతిలో పెట్టకూడదు. కాగితపు పైకవరు చిరిగినా సరే, దాన్ని పారేయకూడదు. నా వరకు కవరు లేని 1929 సెట్ ముందు, నలగని కవరున్న 1930 ప్రతి తేలిపోతుంది. సోమ్‌లో మానింగ్ విన్న మాట అచ్చులో ఉన్నది మొదటిదాంట్లోనే.

ఉన్నదున్నట్టున్న ఆ పాఠం మామూలు పాఠకులకు అందింది 1977లో. చదవాలనుకునేవాళ్లు పేరును బట్టి కొనకండి. పూర్తి పాఠం తర్వాత ‘హర్ ప్రైవేట్స్ వి’ పేరుతోనూ వచ్చింది. కత్తిరింపులు లేనిదేనా అని లోపల చూసి తీసుకోండి.