చలిజ్వరమును పట్టియిచ్చిన నీలిరంగు

వానాకాలములో ఉట్నూరు, మహాదేవపురము వైపు అడవిపల్లెలలో జ్వరము తగిలినవాని వ్రేలికొన నుండి ఒక నెత్తుటి బొట్టు తీసి గాజుపలకపై పూసెదరు. ఎర్రకణములో దాగిన మలేరియా క్రిమి ఇంచుమించు పారదర్శకము. రంగు వేయనిదే సూక్ష్మదర్శినిలో దాని జాడ తెలియుట కష్టము. దానిని పట్టియిచ్చునది మిథిలిన్ నీలము.

1876లో జర్మనీలో హైన్రిక్ కారో అను రసాయనవేత్త దీనిని బట్టల అద్దకమునకై తయారుచేసెను. 1880లో లావెరాన్ మలేరియా క్రిమిని రంగు లేకయే చూచెను గాని, చాలమంది ఆయన మాట నమ్మలేదు. 1891లో రష్యాలో రొమనోవ్‌స్కీ ఈ నీలమును ఇయోసిన్ అను ఎర్రరంగుతో కలిపి వాడగా క్రిమి దేహము నీలముగను, కేంద్రకము ఎరుపు కలిసిన ఊదాగను విడివడి కనిపించినవి. (1897లో సికింద్రాబాదులో రాస్ దోమ కడుపున క్రిమిని గుర్తించినది మాత్రము అందలి నల్లని రేణువులను బట్టియే!)

లీష్మన్, గీంసా రంగులకు మిథైల్ ఆల్కహాలు కావలెను. 1944లో మన దేశమున జస్వంత్ సింగ్, భట్టాచార్జీ నీటితోనే పనిజరుగు రంగును కనిపెట్టిరి. మిథిలిన్ నీలమును పొటాషియం డైక్రోమేటు, సల్ఫ్యూరికామ్లములతో ఆక్సీకరించిన, కొంతభాగము మిథైల్ సమూహములను కోల్పోయి 'అజూర్' రంగులగును. మన విద్యార్థులు ఇనుమును అంచనా కట్టుటకు వాడు డైక్రోమేటే ఇది! 1953లో మొదలైన జాతీయ మలేరియా కార్యక్రమమునకు ఈ జె.ఎస్.బి. రంగు ఎంతయో తోడ్పడినది. ఇప్పుడు త్వరిత పరీక్షాపట్టీలు వచ్చినను రక్తపుపూత పని తీరలేదు.

క్రిమిని అంటుకొను రంగు దానిని చంపరాదా? ఎర్లిక్ ఈ ప్రశ్న వేసి, 1891లో గుట్మన్‌తో కలిసి ఇద్దరు రోగులకు ఇచ్చి చూచెను, వారు కోలుకొనిరి. అయినను క్వినైనుదే పైచేయి అయినది. జి-6-పి-డి ఎంజైము లోపించినవారికి ఈ నీలము ఎర్రకణములను పగులగొట్టును. ప్రయోగశాలలోని సీసా మందుసీసా కాదని విద్యార్థులకు చెప్పవలెను.

వైరసుల విషయము వేరు. 1933లో పెర్డ్రో, టాడ్ అనువారు ఈ రంగు, వెలుతురు కలిసి కొన్ని వైరసులను నిర్వీర్యము చేయునని చూపిరి. రంగు వైరసు కేంద్రకామ్లమును పట్టుకొని ఎర్రని కాంతిని గ్రహించి, ప్రక్కనున్న ఆక్సిజనును చురుకైన రూపమునకు మార్చును. అది గ్వానీనును చెరచును. 1990ల నుండి ఐరోపాలో దానమిచ్చిన రక్తపు ప్లాస్మాను ఇట్లే శుద్ధిచేయుచున్నారు. క్రొవ్వుపొర గల వైరసులు సులభముగా లొంగును. పొర లేనివానిలో కొన్ని మొండివి. పిమ్మట వడపోతతో రంగును చాలవరకు తీసివేసి, ఆ ప్లాస్మాను రోగికి ఎక్కింతురు.