పక్షం వహించిన విమర్శ: లూసీ లిపార్డ్ కళారంగ కృషి

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పాశ్చాత్య కళకు కేంద్రస్థానం పారిస్ నుంచి న్యూయార్క్‌కు మారడంతో, అక్కడి చిత్రకారులతో పాటు విమర్శకుల పలుకుబడి కూడా పెరిగింది. క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ వంటి పెద్ద విమర్శకులు ఎవరినైనా మెచ్చుకుంటే గ్యాలరీలు ఆ చిత్రకారుణ్ని వెతుక్కుంటూ వెళ్లేవి, మ్యూజియంలు అతని చిత్రాలను కొనడానికి ముందుకొచ్చేవి. ఆనాటి విమర్శ మీద రూపవాదానిదే పెత్తనం. చిత్రంలోని రంగు, గీత, తలం వంటి అంశాలను చూస్తే చాలు, గీసిన మనిషి బతుకునూ చుట్టూ ఉన్న సమాజాన్నీ పట్టించుకోనక్కరలేదని ఆ సిద్ధాంతం చెప్పేది. తద్వారా విమర్శకుడికి ఏ పక్షానికీ చెందని న్యాయమూర్తి హోదా కట్టబెట్టేది. ఆ తీర్పుల్లో స్త్రీల పేర్లు ఎప్పుడో గానీ వినిపించేవి కావు, వినిపించకపోవడానికి ప్రతిభ లేకపోవడమే కారణమని సరిపెట్టుకోవడమూ తేలికగా జరిగిపోయేది. లూసీ లిపార్డ్ 1960లలో ఆ వాతావరణంలోనే విమర్శ రాయడం మొదలుపెట్టి, పదేళ్లు తిరక్కముందే తటస్థత అన్న మాటనే తోసిపుచ్చి, స్త్రీల పక్షం వహించి, దానిని బాహాటంగా చెప్పుకున్నారు.

ఆమె 1937 ఏప్రిల్ 14న న్యూయార్క్‌లో జన్మించారు. స్మిత్ కాలేజీలో 1958లో డిగ్రీ పూర్తిచేసి, 1962లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కళాచరిత్రలో ఎం.ఏ. పట్టా పొందారు. ఈ రెండింటి నడుమ ఆమెకు అసలు చదువు అబ్బిన చోటు న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం లైబ్రరీ అనుకోవచ్చు. అక్కడ ఆమె పుస్తకాలు సర్దే చిన్న ఉద్యోగం చేస్తున్న రోజుల్లోనే సోల్ లెవిట్, డాన్ ఫ్లావిన్, రాబర్ట్ రైమన్ కూడా అదే మ్యూజియంలో కాపలా వంటి కొలువులు చేస్తూ పొట్టపోసుకునేవారు. మరికొన్నేళ్లకు వీరంతా మినిమలిజానికి, అంటే కళాకృతిని వీలైనంత తక్కువ రూపాలకూ తక్కువ అలంకరణకూ కుదించే ధోరణికి, ప్రముఖ ప్రతినిధులయ్యారు. వీరిలో రైమన్‌ను ఆమె 1961లో వివాహం చేసుకున్నారు. ఇతర విమర్శకులు పూర్తయిన చిత్రాలను గ్యాలరీ గోడ మీద చూసి తీర్పు చెబుతున్న కాలంలో ఆమె కళాకారుల ఇళ్లలో, వారి పనిగదుల్లో, తయారవుతున్న పనిని చూస్తూ ఎదిగారు.

క్యూరేటర్ అంటే ప్రదర్శనలో ఏ కళాకృతులుండాలో ఎంచి, వాటిని ఏ వరసలో, ఏ వివరణతో చూపాలో నిర్ణయించే వ్యక్తి. ఆ పాత్రలో లిపార్డ్‌కు పేరు తెచ్చిన ప్రదర్శన 1966లో న్యూయార్క్‌లోని ఫిష్‌బాక్ గ్యాలరీలో జరిగిన 'ఎక్సెంట్రిక్ అబ్‌స్ట్రాక్షన్'. మినిమలిజం లోహపు పెట్టెలతో, కచ్చితమైన కొలతలతో బిగుసుకుపోతున్న దశలో ఆమె మెత్తనివీ, వేలాడేవీ, ఒంటిని తలపించేవీ అయిన శిల్పాలను ఒకచోట చేర్చారు. పాల్గొన్న ఎనిమిది మందిలో లూయీస్ బూర్జ్వా, ఈవా హెస్, ఆలిస్ ఆడమ్స్ స్త్రీలు. హెస్ అదే ఏడాది చేసిన 'హ్యాంగ్ అప్' ఆ తరహా పనికి మంచి మచ్చుతునక: గాయానికి కట్టు కట్టినట్టు గుడ్డ చుట్టిన ఖాళీ ఫ్రేము గోడకు వేలాడుతుంది, లోపల బొమ్మ ఉండదు, దాని పై అంచు నుంచి తాడు చుట్టిన సన్నని లోహపు గొట్టం బయలుదేరి చూసేవారి కాళ్ల దాకా వంగి, నేలను తాకి, మళ్లీ ఫ్రేములోకి చేరుకుంటుంది. రూపవాద పరిభాషతో ఇటువంటి పనిని వర్ణించవచ్చు గానీ, అది కలిగించే ఇబ్బందినీ నవ్వునూ చెప్పడం సాధ్యం కాదు. నాజీ జర్మనీ నుంచి చిన్నతనంలోనే తప్పించుకొచ్చిన హెస్ మెదడులో కణితితో 1970 మే నెలలో, 34 ఏళ్ల వయసులో మరణించారు. ఆమె మీద లిపార్డ్ 1976లో వెలువరించిన గ్రంథం ఆ శిల్పిని అర్థం చేసుకోవడానికి ఇప్పటికీ ప్రాథమిక ఆధారం.

1968లో జాన్ చాండ్లర్‌తో కలిసి రాసిన వ్యాసంలో లిపార్డ్, కళ వస్తువు నుంచి విడివడి ఆలోచనగా మారుతున్నదని ప్రతిపాదించారు. దీన్నే కాన్సెప్చువల్ ఆర్ట్ లేదా భావప్రధాన కళ అంటారు. అదే ఏడాది అర్జెంటీనాకు వెళ్లినప్పుడు రొసారియో నగర కళాకారులు ఆమెకు తారసపడ్డారు. సైనిక పాలనలో ఉన్న దేశ పరిస్థితి మారేదాకా గ్యాలరీల కోసం కళ సృష్టించేది లేదన్న వారి పట్టుదల ఆమెను కదిలించింది. తిరిగొచ్చాక వియత్నాం యుద్ధ వ్యతిరేక ఉద్యమానికి నిధుల కోసం జరిగిన ప్రదర్శనను మరో ఇద్దరితో కలిసి నిర్వహించారు. 1969లో ఏర్పడిన ఆర్ట్ వర్కర్స్ కోయలిషన్‌లో, అంటే మ్యూజియంల నుంచి తమ హక్కులను డిమాండ్ చేసిన కళాకార్మికుల కూటమిలో, చురుకుగా పనిచేశారు. ఆ ఏడాదే సియాటిల్‌లో ఆమె ఏర్పాటుచేసిన ప్రదర్శన పేరు '557,087'. అది అప్పటి ఆ నగర జనాభా. 1970లో వాంకూవర్‌లో '955,000', బ్యూనస్ ఎయిర్స్‌లో '2,972,453' పేర్లతో ప్రదర్శనలు వచ్చాయి. వీటి కేటలాగులు కుట్టిన పుస్తకాలు కావు, విడివిడి కార్డులు. పాఠకులు వాటిని ఇష్టమైన వరసలో పేర్చుకోవచ్చు, అక్కరలేనివి పారేయవచ్చు. కళాకారులు పంపిన సూచనల ప్రకారం కొన్ని కృతులను ఆమే స్వయంగా తయారు చేయడంతో, విమర్శకురాలే కళాకారిణి అవతారం ఎత్తారన్న విసుర్లూ వినిపించాయి.

ఇంత జరిగినా అప్పటికి ఆమె స్త్రీవాది కారు. మగవారి ప్రపంచంలో వ్యక్తిగా నెగ్గుకొచ్చాననీ, స్త్రీనన్న ప్రస్తావన ఎందుకనీ భావించిన దశను ఆమె తరవాతి రచనల్లో దాచుకోలేదు. 1970లో స్పెయిన్‌లో ఉండి నవల రాస్తున్నప్పుడు తన అనుభవాలను తానే కొత్తగా చదువుకోవలసి వచ్చిందనీ, ఆ మార్పు అప్పుడు మొదలైందనీ చెప్పుకున్నారు. ఆ నవల 'ఐ సీ / యూ మీన్' 1979లో గానీ అచ్చుకాలేదు. విమర్శలో పరుల పని గురించి నిబ్బరంగా రాసే మనిషి సొంత జీవితం గురించి రాయబోయి తడబడడం, ఆ తడబాటు సిద్ధాంత గ్రంథాలకన్నా ఎక్కువ నేర్పడం, ఆమె కథలో గమనించదగిన ఘట్టం.

1970 శరదృతువులో లిపార్డ్, ఫెయిత్ రింగ్‌గోల్డ్, పాపీ జాన్సన్, బ్రెండా మిల్లర్ కలిసి మహిళా కళాకారుల తాత్కాలిక సంఘాన్ని ఏర్పాటు చేశారు. వారి గురి విట్నీ మ్యూజియం. సమకాలీన అమెరికన్ కళకు అద్దంపడుతుందని పేరున్న దాని వార్షిక ప్రదర్శనలో 1969లో 143 మంది పాల్గొంటే స్త్రీలు 8 మందే. సగం స్థానాలు స్త్రీలకు ఇవ్వాలని సంఘం పట్టుబట్టింది. నల్లజాతి స్త్రీల మాటను ఆ డిమాండులో చేర్చడానికి రింగ్‌గోల్డ్ విడిగా పోరాడవలసి వచ్చింది. సభ్యులు వారాంతాల్లో మ్యూజియం ముందు ధర్నాలు చేశారు. మ్యూజియమే సగం స్థానాలు ప్రకటించినట్టు దొంగ పత్రికా ప్రకటన విడుదల చేశారు. '50 శాతం' అని రాసిన కోడిగుడ్లను మెట్ల మీదా మూలల్లోనూ వదిలి వెళ్లారు. ప్రారంభోత్సవం నాటి రాత్రి స్త్రీల చిత్రాల స్లైడ్లను మ్యూజియం బయటి గోడ మీదే ప్రదర్శించారు. యోగ్యులైన స్త్రీలు దొరకడం లేదన్న సాకును కొట్టివేయడానికి మహిళా కళాకారుల స్లైడ్లతో ఒక పట్టికను తయారుచేసి అందరికీ అందుబాటులో పెట్టారు. ఆ ఏడాది విట్నీ శిల్ప ప్రదర్శనలో స్త్రీల వాటా సుమారు అయిదో వంతుకు పెరిగింది. బెట్యే సార్, బార్బరా చేజ్-రిబూ అనే నల్లజాతి కళాకారిణులకూ చోటు దక్కింది. అడిగినది సగం, దక్కినది అయిదో వంతు. అయినా కళాప్రమాణాలు పడిపోతాయన్న భయం నిజం కాలేదు.

1971లో కనెటికట్ రాష్ట్రంలోని ఆల్డ్రిచ్ మ్యూజియంలో లిపార్డ్ న్యూయార్క్‌లో ఒక్క సోలో ప్రదర్శనైనా దక్కని 26 మంది స్త్రీల పనిని చూపారు. 1973లో కాలిఫోర్నియాలో మొదలై పలుచోట్ల తిరిగిన 'సి. 7,500' ఆమె సంఖ్యల ప్రదర్శనల్లో చివరిది. భావప్రధాన కళలో స్త్రీలు లేరన్న మాటకు జవాబుగా ఇందులో 26 మంది స్త్రీలే ఉన్నారు. మియర్ల్ లాడర్‌మన్ యూకలీస్ వారిలో ఒకరు. బిడ్డ పుట్టాక పాలివ్వడం, కడగడం, ఊడవడం తప్ప కళకు తీరిక లేకుండా పోయిన ఆమె, 1969లో ఆ చాకిరీనే కళగా ప్రకటిస్తూ ఒక మ్యానిఫెస్టో రాశారు. ప్రదర్శన హార్ట్‌ఫర్డ్ నగరంలోని వాడ్స్‌వర్త్ ఎథీనియం మ్యూజియానికి చేరినప్పుడు, 1973 జులైలో, యూకలీస్ బకెట్లతో నీళ్లు తెచ్చి బయటి మెట్లనూ లోపలి చలువరాళ్ల నేలనూ మోకాళ్ల మీద కూర్చుని గంటల తరబడి కడిగారు. సందర్శకుల అడుగులు పడిన కొద్దీ మళ్లీ తుడిచారు, తుడవడానికి పసిపిల్లల గుడ్డలు వాడారు. మ్యూజియం ఎప్పుడూ శుభ్రంగా కనబడడానికి ఎవరో రాత్రిపూట చేసే పాచిపని ఆ రోజు పట్టపగలు, ప్రదర్శనలో భాగంగా, అందరి ఎదుటా జరిగింది.

1976లో వచ్చిన 'ఫ్రమ్ ద సెంటర్' ఈ కాలపు వ్యాసాల సంకలనం. స్త్రీల కళకు ప్రత్యేకమైన రూపాలున్నాయా అన్న ప్రశ్న దీనికి వెన్నెముక. జూడీ షికాగో, మిరియమ్ షాపిరో వంటివారు, స్త్రీల చిత్రాల్లో మధ్యలో కేంద్రీకృతమయ్యే ఆకారాలు దేహానుభవం నుంచి పుట్టాయని వాదించారు. స్త్రీలందరినీ ఒకే దేహ లక్షణానికి కుదించడం ప్రమాదకరమని ఇతరులు అడ్డుచెప్పారు. లిపార్డ్ అటు మొగ్గుతూనే ఇటూ చెవి ఒగ్గారు. ఆ ఊగిసలాట ఆ వ్యాసాలకు లోపం కన్నా నిజాయతీనే ఎక్కువ ఇచ్చింది. అంతకన్నా దూరం వెళ్లిన ఆలోచన, పాత గుడ్డముక్కలతో, పారేసిన సీసాలతో ఇంటి ఆడవాళ్లు చేసే వస్తువుల గురించి 'హెరెసీస్' పత్రిక నాలుగో సంచికలో రాసిన వ్యాసంలో కనిపిస్తుంది: ఆ పనిని కాలక్షేపమని కొట్టిపారేసి, అవే వస్తువులను గ్యాలరీలో మగవాడు పెడితే ఆధునికత అనడం రుచికి సంబంధించినది కాదనీ, వర్గానికీ లింగానికీ సంబంధించినదనీ ఆమె చూపారు.

'హెరెసీస్' ఆమె కొందరు స్త్రీలతో కలిసి నడిపిన పత్రిక. 1977 నుంచి 1993 వరకు 27 సంచికలు వెలువడ్డాయి, ప్రతి సంచికకూ వేర్వేరు బృందం సంపాదకత్వం వహించింది. ఈ ఏర్పాటు బాగానే ఉన్నా, మూడో సంచిక బృందమంతా తెల్లవారే కావడాన్ని కాంబాహీ రివర్ కలెక్టివ్ అనే నల్లజాతి స్త్రీవాద సంఘం లేఖ రాసి నిలదీసింది. ఆ లేఖను పత్రిక తన తరవాతి సంచికలోనే అచ్చువేసింది. మ్యూజియంల గడప ముందు వేసిన ప్రశ్న ఇలా సొంత గడప ముందుకూ వచ్చింది. శ్వేతేతర అమెరికన్ కళాకారుల మీద లిపార్డ్ 1990లో వెలువరించిన 'మిక్స్‌డ్ బ్లెసింగ్స్' గ్రంథాన్ని ఆ విమర్శకు ఆలస్యంగానైనా ఇచ్చిన సమాధానంగా చదవవచ్చు.

తరవాతి కాలాన్ని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కళాకారుల పుస్తకాలు అమ్మే 'ప్రింటెడ్ మ్యాటర్' సంస్థను 1976లో సోల్ లెవిట్ తదితరులతో కలిసి స్థాపించారు. 1980లో లండన్‌లో స్త్రీల రాజకీయ కళతో 'ఇష్యూ' ప్రదర్శన నిర్వహించారు. 1983లో ఆదిమ శిలా నిర్మాణాలకూ సమకాలీన కళకూ గల బంధం గురించి 'ఓవర్‌లే' ప్రచురించారు. 1990లలో న్యూమెక్సికోలోని గలిస్టియో అనే చిన్న పల్లెకు మకాం మార్చి, భూమి, నీరు, స్థానిక చరిత్ర మీదికి దృష్టి మళ్లించి, ఆ ఊరి వార్తాపత్రికకు సంపాదకత్వం వహించారు.

ఆమె విమర్శలో లోటు లేకపోలేదు. స్నేహితుల పనిని ఆమె మెచ్చుకున్నంతగా తూచలేదు. బాగాలేని దాన్ని బాగాలేదని చెప్పిన సందర్భాలు తక్కువ. సాహిత్యంలో నిబద్ధత గురించిన చర్చలు ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ చిక్కు కొత్త కాదు. అయితే గ్రీన్‌బర్గ్ తరం విమర్శకులకూ మిత్రులున్నారు, మిత్రుల పట్ల అభిమానమూ ఉంది. వారు దానిని ప్రమాణం అన్నారు, లిపార్డ్ పక్షపాతం అని ఒప్పుకున్నారు. చరిత్ర దృష్ట్యా రెండోదే ఎక్కువ పనికొచ్చింది. ఆమెను మొదటిసారి చదవబోయేవారు ఎక్కువగా ఉటంకింపులకెక్కిన 'సిక్స్ ఇయర్స్' పుస్తకం జోలికి ముందే పోకుండా 'ఫ్రమ్ ద సెంటర్'తో ప్రారంభించడం మేలు. మొదటిది భావప్రధాన కళోద్యమపు దస్తావేజుల కట్ట, రెండోదానిలో రచయిత్రి మనసు మార్చుకుంటున్న క్రమం పేజీ పేజీకీ కనిపిస్తుంది.