హేల్ చూసిన సుడి, కొడైకెనాల్ కొలత

ఫిక్స్ పనిచేసిందంటే రూట్ కాజ్ కూడా దొరికినట్టే అనుకుంటాం కదా? జార్జ్ ఎలరీ హేల్ అంతటివాడూ సరిగ్గా అక్కడే బోల్తా పడ్డాడు.

1908. కాలిఫోర్నియాలో మౌంట్ విల్సన్. హైడ్రోజన్ ఎర్రకాంతిలో తీసిన ఫొటోల్లో సూర్యమచ్చల చుట్టూ చారలు సుడిగాలిలా మెలితిరిగి కనిపించాయి. వాయువు గిర్రున తిరుగుతోంది, అందులో ఆవేశమున్న కణాలున్నాయి, కాబట్టి అయస్కాంత క్షేత్రం పుట్టాలి అన్నాడు హేల్. మచ్చల స్పెక్ట్రం చూస్తే, 1896లో జీమన్ ప్రయోగశాలలో చూపించినట్టే గీతలు చీలి ఉన్నాయి! క్షేత్రం దాదాపు మూడువేల గాస్. భూమికి బయట అయస్కాంత క్షేత్రం దొరకడం అదే మొదలు. ఫలితం కరెక్టు, కారణమే తప్పు.

ఆ సుడి వేగం కొలుద్దామని 1909 జనవరిలో జాన్ ఎవర్షెడ్ కూర్చున్నాడు, మన కొడైకెనాల్లో. సూర్యబింబం మధ్య నుంచి అంచువైపు పోయే గీత వెంబడి చూస్తే డాప్లర్ షిఫ్ట్ ఉంది, దానికి అడ్డంగా చూస్తే లేదు. సుడే అయితే దీనికి పూర్తిగా తిరగబడి ఉండాలి. అంటే వాయువు మచ్చ చుట్టూ తిరగట్లేదు, పెనంబ్రాలో లోపల్నుంచి బయటికి పోతోంది, సెకనుకి రెండు కిలోమీటర్ల చొప్పున. వెతికింది దొరక్కపోయినా, కనిపించిందే రాసిపెట్టాడు. నాకైతే హేల్ కన్నా ఈయనే ఎక్కువ నచ్చాడు.

హేల్‌నీ తీసిపారెయ్యలేం లెండి. 1925లో ఆయనే లెక్క తేల్చాడు: స్పష్టంగా మెలితిరిగిన చారల్లో నూటికి ఎనభై ఉత్తరార్ధంలో అపసవ్యంగా, దక్షిణార్ధంలో సవ్యంగా ఉన్నాయి. పదకొండేళ్ళ చక్రం మారినప్పుడల్లా మచ్చల ధ్రువాలు తారుమారవుతాయి, మెలి దిశ మాత్రం మారదు. క్షేత్రాన్ని పుట్టించేది సుడే అయితే అదీ తిరగబడాలిగా?

అసలు సంగతి ఏమిటంటే ఆ చారలు బలరేఖల వెంబడి పేరుకున్న వాయువు. మెలి ఉన్నది క్షేత్రంలోనే. అయస్కాంత గొట్టాలు లోపల్నుంచి తేలుతూ పైకొస్తాయని 1955లో పార్కర్ చెప్పాడు. పైకొచ్చే దారిలో కల్లోలమైన వాయుప్రవాహాలు, సూర్యభ్రమణం కలిసి వాటిని మెలేస్తాయి. బయటపడేసరికే గొట్టం మెలితిరిగి ఉంటోందని 1996లో లేకా బృందం కొలతలతో చూపించింది. ఎక్స్‌రేల్లో ఎస్ ఆకారంలో వంకర తిరిగిన ప్రాంతాలు ఎక్కువగా పేలతాయని 1999లో తేలింది. ఇక మెలిలో లోపలి వాటా ఎంత, పైకొచ్చాక మచ్చల కదలికలు కలిపే వాటా ఎంత అన్నదాని మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది.