మాదాపూర్ ఐటీ కారిడార్: వాన, వాహన చోదకుల తీరు, ప్రమాద ముప్పు

హైదరాబాద్ పశ్చిమాన మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల మీదుగా సాగే ఐటీ కారిడార్‌లో వాన పడినప్పుడు చోదకుల ప్రవర్తన, ప్రమాదాల ముప్పు ఎలా మారతాయన్నది ఈ వ్యాస విషయం. 1998లో సైబర్ టవర్స్ ఐటీ భవనం ప్రారంభమయ్యాక పెరిగిన ప్రాంతమిది. గుట్టలు, బండలు, చెరువు వాలు కలిసిన నేల కావడంతో గట్టి వాన పడితే నీరు జంక్షన్ల పల్లాలకు త్వరగా చేరుతుంది.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు. ఈ ప్రమాదాల్లో నాలుగింట ఇంచుమించు మూడొంతులు ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు జరిగినవే. దీన్నిబట్టి వాన నిరపాయమనుకోవడం పొరపాటు. హైదరాబాద్‌లో చెప్పుకోదగ్గ వాన పడే రోజులు ఏడాదికి సుమారు 50. ఆ రోజుల్లోనూ కురిసేది చాలావరకు కొద్ది గంటలే. ముప్పును ఆ గంటలతోను, ఆ గంటల్లో తిరిగిన బండ్లతోను పోల్చి లెక్కించాలి. పైగా వాతావరణ శాఖ రోజువారీ వర్షపాతం ఉదయం 8.30 నుంచి మరునాటి 8.30 వరకు కొలిచినది. ఆఫీసులు వదిలే వేళ గంటసేపు పడిన కుండపోతకు, రోజంతా పట్టిన ముసురుకు అందులో తేడా కనబడదు.

పరిశోధన ఫలితాలూ ఒకే దిక్కు చూపవు. అమెరికా గణాంకాలపై డేనియల్ ఐసెన్‌బర్గ్ 2004లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుల లెక్కన చూస్తే వాన పడిన రోజు ప్రమాదాలు పెరిగాయి. నెలల లెక్కన చూస్తే వానలు ఎక్కువైన నెలల్లో ప్రాణాంతక ప్రమాదాలు తగ్గాయి. ఎన్నాళ్లు ఎండ కాసి వాన పడితే ముప్పు అంత పెరిగిందనీ తేలింది. రోడ్డుపై పేరుకున్న నూనె, దుమ్ము తొలి జల్లుకు జారుడు పొరగా మారడం ఒక వివరణ. తడి రోడ్డుపై నడిపే అలవాటు జనానికి తప్పిపోవడం మరొకటి. నిర్మాణాల మట్టి రోడ్లకెక్కే మాదాపూర్‌కు మొదటిదే ఎక్కువ వర్తిస్తుందని చెప్పవచ్చు.

కుండపోతలో ట్రాఫిక్ జామై బండ్లు నత్తనడక నడుస్తాయి. అప్పుడు తగిలేవి చాలావరకు చిన్న దెబ్బలు. అసలు భయం వాన వెలిశాక, రాత్రి రోడ్లు ఖాళీ అయినప్పుడు. తడి రోడ్డుపై బ్రేకు వేశాక బండి ఆగే దూరం దాదాపు రెట్టింపు అవుతుంది. వేగం రెట్టింపైతే ఆ దూరం నాలుగింతలు. వేగం ఒక్కటే ఎంత చేటు చేయగలదో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్‌పై 2019 నవంబరు 23న వాన లేకుండానే తెలిసింది: అదుపు తప్పిన కారు కిందపడి ఒక పాదచారి మరణించారు. ఆ తర్వాత మూసిన ఫ్లైఓవర్‌ను 2020 జనవరిలో తిరిగి తెరిచినప్పుడు వేగ పరిమితి గంటకు 40 కి.మీ.గా పెట్టారు.

ద్విచక్ర వాహనదారుల తీరు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. జల్లు మొదలుకాగానే ఫ్లైఓవర్ల కింద, మెట్రో స్టేషన్ల కింద బండ్లాపి నిలబడతారు. వారి అవసరం న్యాయమైనదే. అయితే ఎడమ వరుస మూసుకుపోయి, వెనక వచ్చే బస్సులు, క్యాబ్‌లు ఒక్కసారిగా కుడికి తిరుగుతాయి. అంచున నిలిచిన నీటిలో గుంత ఉందేమోనని రోడ్డు మధ్యకు జరగడం, మసకబారిన హెల్మెట్ అద్దాన్ని పైకెత్తడం, కార్లవారైతే నడిచే కారుకు నాలుగు ఇండికేటర్లూ వెలిగించడం తరచుగా చూసేవే. డెలివరీ చేసేవారికి గడువు ఒత్తిడి కూడా తోడవుతుంది.

2023 జులై చివర్లో భారీ వానలప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ సంస్థలకు విడతలవారీ లాగౌట్ సూచించారు: ఐకియా దుకాణం నుంచి సైబర్ టవర్స్ వరకు మధ్యాహ్నం 3 గంటలకు, బయోడైవర్సిటీ, రాయదుర్గం వైపు 4.30కు, మిగతా చోట్ల 3 నుంచి 6 మధ్య. అది ప్రధానంగా రద్దీ తగ్గించడానికి చేసిన ఏర్పాటు. మెట్రో 2019 మార్చిలో హైటెక్ సిటీకి, అదే ఏడాది నవంబరులో రాయదుర్గానికి చేరింది. వాన రోజున బండి ఇంట్లో వదలగలిగినవారికి అది మేలైన దారి. గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఉద్యోగులకు మాత్రం చివరి కొన్ని కిలోమీటర్లు రోడ్డే గతి.